రెండో హార్‌గ్రీవ్స్

'కాటేజ్ పై' అనే వంటకం పళ్లేలు ఓవెన్‌లోంచి బయటికొచ్చేసరికి పదకొండూ ఇరవై అయింది. నాలుగు పెద్ద పళ్లేలు. అడుగున కీమా, పైన బంగాళాదుంప ముద్ద, ముద్ద మీద ఫోర్కుతో గీసిన చాళ్లు. చాళ్ల అంచులు ఎర్రగా వేగి, చూస్తేనే ఆకలి పుట్టించేట్టు ఉన్నాయి. గేనర్ హార్‌గ్రీవ్స్ మాత్రం చూపుతో సరిపెట్టుకునే మనిషి కాదు. థర్మామీటరు పుల్లని తుడిచి, మొదటి పళ్లెం నడిమధ్య గుచ్చి, అంకె కదలడం మానేదాకా వంగి నిలబడింది. డెబ్బై ఎనిమిది. రెండోది డెబ్బై ఏడు. మూడోది డెబ్బై ఆరు. డెబ్బై అయిదు దాటాలని రూలు. నాలుగోది డెబ్బై ఒకటి దగ్గర మొండికేసింది.

"ఇది మళ్లీ లోపలికి," అంది.

"చంపావు పో!" అంది పాలీన్. బర్న్‌లీలోని ఆ బడి వంటింట్లో పాలీనే పెద్ద వంటమనిషి. "పిల్లలు తలుపు దగ్గర తోసుకుంటున్నారు. నాలుగు డిగ్రీలకి ఎవడు చస్తాడే? కాగితం మీద నాలుగింటికీ డెబ్బై ఎనిమిదని పొద్దున్నే రాసేశాను. నువ్వు సంతకం గీకు, అయిపోతుంది."

"రాసినదానివి నువ్వేగా. నువ్వే గీకు."

పాలీన్ గొణుక్కుంటూ పళ్లేన్ని ఓవెన్‌లోకి తోసింది. ఈ గొడవ వాళ్లిద్దరికీ వారానికి ఒకసారైనా ఉన్నదే. తను గుచ్చి చూడని పళ్లేనికి గేనర్ సంతకం పెట్టదు. తలకిందులుగా తపస్సు చేసినా పెట్టదు. ఎనిమిది నిమిషాల తర్వాత డెబ్బై ఏడు వచ్చింది. పాలీన్ రాసిన అంకెలు కొట్టేసి, నాలుగు గళ్లలోనూ నాలుగు అంకెలు వేసి, అప్పుడు పొట్టిగా పేరు రాసింది.

సరిగ్గా అప్పుడే వెనక తలుపు మీద ఎవరో దబదబా బాదారు. చూస్తే గేనర్ మొగుడు గ్లెన్. ఇళ్ల కప్పులు వేసేవాడు. జుట్టు నిండా పలకరాతి పొడి, ప్యాంటు మోకాళ్ల దగ్గర నల్లటి తారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో బొత్తి కాగితాలు. కాగితాల అంచున పసుపుపచ్చ చీటీలు నాలుకల్లా బయటికి వేలాడుతున్నాయి.

"గేన్, ఒక్క నిమిషం. కొత్త కంపెనీ అప్పు కాగితాలు. చీటీ ఉన్న చోటల్లా నీ సంతకం కావాలి. చదవడానికేం లేదు, అన్నీ మామూలివే."

"చేతులకి గ్రేవీ ఉంది."

"ఇప్పుడే అక్కర్లేదులే. లాయరు ముందు పెట్టాలట, బ్యాంకువాళ్ల పట్టుదల. గురువారం మూడింటికి మాట్లాడాను. పది నిమిషాల పని."

"కంపెనీ నీదైతే నాకెందుకు లాయరు?"

"నాదేంటి, మనది!" గ్లెన్ మొహం వెలిగిపోయింది. కవరు తిప్పి మొదటి పేజీ చూపించాడు. "చదువు. హార్‌గ్రీవ్స్ అండ్ హార్‌గ్రీవ్స్ హోమ్స్. రెండో హార్‌గ్రీవ్స్ ఎవరనుకున్నావ్? నువ్వే."

పుట్టిన బిడ్డకి పేరు పెట్టినవాడిలా నిలబడ్డాడు. గేనర్‌కి నిజంగానే సంతోషం కలిగింది. గ్రేవీ చేతుల్ని గాల్లో ఎత్తి పట్టుకునే, మోచేత్తో అతన్ని ఓ పోటు పొడిచి, పొమ్మంది.

ఆ సాయంత్రం బిబ్బీ వచ్చాడు. క్రెయిగ్ బిబ్బీ అప్పులు కుదిర్చే బ్రోకరు. గ్లెన్‌తో కలిసి చిన్నప్పుడు ఫుట్‌బాల్ ఆడినవాడు. మనిషి మంచివాడే, ఎటొచ్చీ ఎవరి చేతిలో కలం ఉంటే వాళ్లతోనే మాట్లాడతాడు. గేనర్ మాంసం, బంగాళాదుంపలు వేసి వండిన హాట్‌పాట్ వడ్డించి, ఎర్ర క్యాబేజీ పచ్చడి సీసా మధ్యలో పెట్టి, తనూ కూచుంది. మాటలు మాత్రం ఆమె పళ్లెం మీదుగా ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ ఎగిరాయి.

"చూడు గ్లెనూ, నీ సంపాదన పన్నులో పై శ్లాబుకి ఎక్కింది. అద్దెకివ్వడానికి చూసిన ఆ క్లేటన్ వీధి ఇల్లు నీ పేరున కొన్నావనుకో. అద్దె మొత్తం నీ ఆదాయమే అంటారు. బ్యాంకుకి కట్టే వడ్డీ అందులోంచి తీసేయనివ్వరు, వడ్డీలో అయిదో వంతు మాత్రం పన్నులో తగ్గించి, ఆ ముష్టితో పొమ్మంటారు. కింది శ్లాబు వాళ్లకి ఈ తంటా లేదు, వాళ్ల పన్నూ అయిదో వంతే కాబట్టి అది సరిపోతుంది. నీలాంటి సంపాదనపరులకే ఈ బాదుడు."

"సంపాదనపరుడినట, విన్నావా గేన్?"

"అదే కంపెనీ పేరున కొను. వడ్డీ పోగా మిగిలిందాని మీదే పన్ను. పైగా కంపెనీ వేరే మనిషి, నువ్వు వేరే మనిషి. మునిగితే అది మునుగుతుంది. నీకు తడి అంటదు. ఇప్పుడందరూ ఇదే చేస్తున్నారు."

"మరి తడి అంటనప్పుడు నా సంతకం దేనికి?" అంది గేనర్.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. ఆమె అక్కడుందన్న సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టుంది.

"అదా, అది లాంఛనం అమ్మా," అన్నాడు బిబ్బీ, రెండోసారి వడ్డించుకుంటూ. "కంపెనీ నిన్నగాక మొన్న పుట్టింది కదా. బ్యాంకువాళ్లకి డైరెక్టర్ల పూచీ ఉంటే ఓ ధైర్యం."

"కంపెనీ కట్టలేకపోతే?"

"కడుతుంది."

"కట్టలేకపోతే?"

"గేన్," అన్నాడు గ్లెన్ నవ్వుతూ, "ఆ థర్మామీటరు పుల్ల బళ్లోనే వదిలేసి రావచ్చుగా."

బిబ్బీ పగలబడి నవ్వాడు. గేనర్ కూడా నవ్వింది, మాట బాగానే ఉంది మరి. గిన్నెలు కడిగేటప్పుడు మాత్రం ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఉన్న ఉత్తరం వైపు రెండుసార్లు చూసింది. వాళ్లుండే ఇంటి అప్పు పూర్తిగా తీరిపోయిందని బ్యాంకు రాసిన ఉత్తరం అది. రెండేళ్లయినా తీసి లోపల పెట్టబుద్ధి కాలేదు.

గురువారం మూడింటికి లాయరు ఆఫీసు. కింద చెప్పులు కుట్టి తాళాలు చేసే కొట్టు, పైన మిసెస్ మిర్జా గది. యాభై దాటిన మనిషి. తండ్రి ఈ ఊరి నూలుమిల్లులోనే పనిచేశాడు. ఆమె నోటి వెంట వచ్చేది గేనర్ మాట్లాడే బర్న్‌లీ యాసే. ఇద్దరూ లోపలికి రాగానే ఆమె గ్లెన్‌ని ఆపేసింది.

"మీరు బయట ఉండండి."

"నేను మొగుణ్ణండీ."

"అందుకే బయట."

గ్లెన్ గేనర్ వైపు చూశాడు, గేనర్ నేల వైపు చూసింది. "పది నిమిషాలేగా, వ్యాన్‌లో ఉంటా," అని అతను మెట్లు దిగాడు. మిసెస్ మిర్జా అతని అడుగుల చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఊరుకుంది. తర్వాత తలుపేసి వచ్చి, పసుపు చీటీలన్నీ ఒక్కొక్కటే పీకి చెత్తబుట్టలో వేసింది. అది చూసి గేనర్‌కి ఎందుకో ప్రాణం లేచొచ్చింది.

"ఇప్పుడు చెప్పండి మిసెస్ హార్‌గ్రీవ్స్. మీరు దేనికి సంతకం పెట్టబోతున్నారు? నాకేమీ తెలీదనుకోండి. మీ మాటల్లోనే చెప్పాలి."

"కంపెనీ అప్పు తీసుకుంటుంది. నేను... లాంఛనానికి పెడుతున్నాను."

మిసెస్ మిర్జా కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ముప్పై ఏళ్లుగా ఈ కుర్చీలో ఉన్నాను. లాంఛనం అనే కాగితం ఒక్కటి కూడా నా చేతికి రాలేదు. సరే, కంపెనీ వాయిదాలు కట్టలేదు. బ్యాంకు ఎవరి దగ్గరికొస్తుంది?"

"కంపెనీ దగ్గరికి."

"కంపెనీకి ఏముంది?"

"క్లేటన్ వీధి ఇల్లు."

"అది అమ్మారు. ఇంకా చాల్లేదు. అప్పుడు?"

కింద కొట్లో తాళంచెవి కోసే యంత్రం కీచుమని అరిచి ఆగింది. "అప్పుడు మా ఇద్దరి మీదికీ వస్తారు," అంది గేనర్. "పూచీ అంటే అదే కదా. మేముండే ఇంటి మీదికి వస్తారు."

"ఇవాళే తాకట్టు కాదు. కానీ కోర్టుకెళ్లి అక్కడిదాకా రావచ్చు. బాగానే చెప్పారు." ఆమె ఓ గీత రాసుకుంది. "ఇప్పుడు మంచి వైపు చూద్దాం. కంపెనీ బ్రహ్మాండంగా నడిచింది. ఇంటి ధర పెరిగింది. ఆ లాభం ఎవరిది?"

"మాది. ఇద్దరిదీ." ఇక్కడ గేనర్ గొంతులో కాస్త గర్వం పలికింది. "రెండో హార్‌గ్రీవ్స్ నేనేగా."

మిసెస్ మిర్జా కంప్యూటరు తెరని మెల్లగా గేనర్ వైపు తిప్పింది. కంపెనీల రిజిస్టరు అది, ఎవరైనా చూడవచ్చు. పేరు: హార్‌గ్రీవ్స్ అండ్ హార్‌గ్రీవ్స్ హోమ్స్. డైరెక్టర్లు: గ్లెన్, గేనర్. వాటాలు: వంద. గ్లెన్ హార్‌గ్రీవ్స్, వంద.

గేనర్ కింద ఇంకో వరుస ఉంటుందేమో అని చూసింది. లేదు.

"డైరెక్టరంటే పని చూసే మనిషి," అంది మిసెస్ మిర్జా. "వాటా ఉన్నవాళ్లే సొంతదారులు."

"వంటింట్లో నేనున్నట్టన్నమాట. వండేది నేనే, ఏదైనా తేడా వస్తే పట్టుకునేదీ నన్నే. బడి మాత్రం నాది కాదు."

"నేనైనా ఇంతకంటే బాగా చెప్పలేను."

గేనర్‌కి ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. సిగ్గేసింది. నిన్న పాలీన్‌తో రెండో హార్‌గ్రీవ్స్ తనేనని గొప్పగా చెప్పుకుంది. ఆ సంగతే పదేపదే గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

"పెట్టొద్దంటారా?"

"అనకూడదు. పెట్టమనీ అనకూడదు. మీరు పెట్టకపోతే ఎవరూ మిమ్మల్నేమీ చేయలేరని మాత్రం చెప్పి తీరాలి. ఆ ఒక్క ముక్క చెప్పడానికే ఆయన్ని కిందికి పంపింది."

గేనర్ బల్ల మీది కలం తీసుకుంది. దాని మూత పెట్టి, మళ్లీ అక్కడే పెట్టేసి లేచింది.

కింద వ్యాన్ అద్దానికి జరిమానా కవరు అంటించి ఉంది. అరగంట మాత్రమే ఆపాల్సిన చోటు అది. లోపల గడిచింది యాభై నిమిషాలు. గ్లెన్ ఆ కవరు పట్టుకుని ఊరందర్నీ తిడుతున్నాడు.

"పది నిమిషాలన్నారు! పోనీ, పెట్టావా?"

"లేదు."

"ఏం?"

"వంద వాటాలూ నీవేనట."

గ్లెన్ తాళంచెవి తిప్పబోయి ఆగిపోయాడు. నిజంగానే గుర్తుచేసుకుంటున్నట్టు మొహం పెట్టాడు. "ఓ, అదా. ఆ ఫారం పరంజా మీద కూచుని ఫోన్లో నింపాను గేన్. చినుకులు పడుతున్నాయి. వాటాదారు పేరు అన్నాడు, కొట్టాను. రెండో మనిషిని చేర్చాలంటే ఇంకో పేజీ ఉంది."

"నా పేరుకి ఇంకో పేజీ బరువైంది."

"అబ్బా, నేనేదో కుట్ర చేసినట్టు మాట్లాడతావేంటి? ఇరవై ఎనిమిదేళ్ల కాపురం. నా మీద నమ్మకం లేదా?"

"పాలీన్ మీద కూడా నమ్మకముంది. అయినా గుచ్చి చూస్తాను."

గ్లెన్ జరిమానా కవరు జేబులో కుక్కి వ్యాన్ తీశాడు. గ్లెన్ కుట్ర చేయలేదని గేనర్‌కి తెలుసు. అదే ఎక్కువ బాధగా ఉంది. కావాలని దాచినవాడైతే, దాచేముందు కనీసం ఆమెని తలుచుకునేవాడు కదా.

శుక్రవారం చేపల రోజు. బడి వంటింట్లో ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. వడ్డన అయిపోయాక గేనర్ పళ్లేలు తోముతూ, పాలీన్ చెప్పే మనవరాలి కబుర్లకి ఊకొడుతూ, ఉన్నట్టుండి తోమడం ఆపేసింది.

"పాలీన్, మన జీతం ఏ శ్లాబులోది?"

"మనకి శ్లాబు కూడానా! నేలమాళిగలోదై ఉంటుంది. ఏం?"

"ఏం లేదు," అని మళ్లీ తోమసాగింది. కానీ మాడిన మూలలన్నీ ఆ రోజు మామూలు కంటే తొందరగా ఊడొచ్చాయి. కింది శ్లాబు వాళ్లకి ఈ తంటా లేదు అని తన హాట్‌పాట్ తింటూ బిబ్బీ అన్న మాట గుర్తొచ్చింది. తన ఎదురుగానే అన్నాడు.

శనివారం ఆమే అడిగి గ్లెన్‌తో క్లేటన్ వీధి ఇంటికి వెళ్లింది. కొనబోయే ఇంటిని ఆమె అంతదాకా లోపలికెళ్లి చూడలేదు, చూడమని ఎవరూ అనలేదు. ఇరుకు ఇళ్ల వరసలో పద్నాలుగో నంబరు. తలుపు తీయగానే చెమ్మ వాసన. గ్లెన్ ముభావంగానే నిచ్చెన వేసుకుని అటకలోకి పాకాడు. పనిలో పడ్డాడంటే ఇక అతనికి అలక నిలవదు. కాసేపట్లోనే పైనుంచి గొంతు వినిపించింది.

"గేన్! ఈ దూలం చూడాలి నువ్వు. వందేళ్లనాటిది, పిడికిలితో కొడితే గంటలా మోగుతోంది. పలకలు ఓ ముప్పై మార్చితే చాలు, నీ మనవలదాకా చుక్క కారదు."

ఆ గొంతంటే గేనర్‌కి ఇష్టం. పలకరాయిని వేలితో మీటి, ఆ మోత విని, లోపల పగులుందో లేదో చెప్పే మనిషి అతను. అలాంటివాడు కాగితం దగ్గరికొచ్చేసరికి మీటకుండానే సంతకం పెట్టేస్తాడు. ఆమె వంటింట్లో గోడలు తడిమింది. సింకు కింద దూరి గొట్టాలు చూసింది. చెమ్మ గోడది కాదు, గొట్టం కీలుది. లేచి చేతులు దులుపుకుంది.

"గ్లెన్, దిగు. ఓ మాట చెప్పాలి."

అతను దిగి, నిచ్చెన చివరి మెట్టు మీద కూచున్నాడు.

"కంపెనీ వద్దు. ఈ ఇల్లు నా పేరున కొందాం. నా ఒక్కదాని పేరున. పై శ్లాబు నీది, నాది కాదు. అద్దె కలిపినా నేను కిందే ఉంటాను. బిబ్బీ అన్న ఆ అయిదో వంతు నాకు సరిపోతుంది. కంపెనీ లెక్కలకి ఏటా ఎవడికో పోసే డబ్బు మిగులుతుంది. అప్పు నాది అంటే నాదే. కంపెనీదని పేరు పెట్టి, తల నాది తీసుకెళ్లి పెట్టక్కర్లేదు."

"నీ పేరునా?"

"నా పేరునే."

"ఇంటికి ముందు కట్టే డబ్బు నా పొదుపులోది. కప్పు వేసేది నేను. పలకలు నావి." గ్లెన్ గొంతు పెరిగింది. "ఇల్లు నీ పేరునుంటే ఇక నాకేముంటుంది ఇందులో?"

ఆ మాట ఖాళీ ఇంట్లో కొంచెం మోగింది. మోగి గ్లెన్ చెవికే తిరిగి తగిలింది. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. చెవుల మొదళ్ల దాకా ఎర్రబడ్డాడు. కప్పు మీద పిచ్చుకలేవో గెంతుతున్న చప్పుడు.

"నిన్న నీకూ ఇలాగే అనిపించిందా?" అన్నాడు చివరికి.

"నిన్న కాదు, మొన్న. మూడూ పావుకి."

"ఇదివరకు కొని అద్దెకిచ్చిన పాత ఇళ్లు రెండూ కూడా నా పేరునే ఉన్నాయి కదూ."

"ఉన్నాయి. నేనెప్పుడూ అడగలేదు. తప్పు నాది కూడా."

గ్లెన్ చాలాసేపు టోపీని అటూ ఇటూ తిప్పాడు. "బిబ్బీ ఏమంటాడో అడుగుదాం," అన్నాడు.

బిబ్బీ సోమవారం చాలానే అన్నాడు. ఇప్పుడందరూ కంపెనీలే పెడుతున్నారన్నాడు. బడి జీతానికి బ్యాంకులు మొహం చూడవన్నాడు. గేనర్ కోటు బొత్తాలు విప్పకుండానే ఎదుటి కుర్చీలో కూచుని విన్నది. "అద్దె వడ్డీకి సరిపోతే చాలు, జీతం చూడం అనే బ్యాంకు ఒక్కటీ లేదా?" అంది. బిబ్బీ కంప్యూటరు మీద టకటకలాడించాడు. మళ్లీ ఆడించాడు. మొహం ముందు ముడుచుకుని, తర్వాత నెమ్మదిగా విప్పుకుంది.

"ఉన్నాయి. మూడున్నాయి. వడ్డీ కూడా కంపెనీకి ఇచ్చేదానికంటే తక్కువే." ఇంకోసారి లెక్క చూసుకుని, కుర్చీలో వెనక్కి వాలాడు. "నీ మాటే నిజం అమ్మా. మీ ఇద్దరికీ ఇదే మేలు. గ్లెనూ, ముందే చెప్పలేదేంరా ఈవిడ సంగతి?"

"నువ్వు అడిగావా?" అన్నాడు గ్లెన్.

"మీరిద్దరూ అడగలేదు," అంది గేనర్.

బిబ్బీలో ఓ మంచి గుణముంది, ఓడిపోతే ఒప్పుకుంటాడు. నవ్వేసి కొత్త ఫారం తెరిచి, ఈసారి కీబోర్డుతో పాటు తనూ గేనర్ వైపు తిరిగాడు. పేరు, పుట్టినరోజు, వృత్తి. వృత్తి దగ్గర ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "వంటమనిషి," అంది. అన్నీ అయ్యాక అతను ఇంకో కాగితం బయటికి లాగి గ్లెన్ ముందు పెట్టాడు.

"ముందు కట్టే డబ్బు నీ ఖాతాలోది కదా. అది ఈవిడకి బహుమానంగా ఇస్తున్నాననీ, ఈ ఇంట్లో నాకే హక్కూ లేదనీ నువ్వు రాసివ్వాలి. లాంఛనం..." అని గేనర్ మొహం చూసి నాలిక్కరుచుకున్నాడు.

గ్లెన్ కలం తీశాడు. "ఇలా ఇవ్వు, పెట్టేస్తా. గేన్‌ని నేను నమ్మనా ఏంటి?"

గేనర్ లేచి ఆ కాగితం మీద అరచెయ్యి వేసింది. ఆ చేతి మీద ఓవెన్ పళ్లేలు కాల్చిన పాత మచ్చలు నాలుగైదున్నాయి.

"ఇక్కడ కాదు. లాయరు దగ్గర."

"మిసెస్ మిర్జా దగ్గరా?"

"ఆవిడ నా మనిషి. నీకు వేరే మనిషి కావాలి, నీ వైపు మాత్రమే మాట్లాడేవాడు. పొద్దున్న ఫోన్ చేసి అడిగితే ఆవిడే చెప్పింది, ఎదుటి వీధిలో ఆస్పినాల్ అని ఉన్నాడట. నేను బయట కూచుంటాను."

"అక్కర్లేదంటే వినవేం? అతను వద్దంటే అప్పుడేం చేస్తావు?"

"అప్పుడు వద్దు."

గ్లెన్ ఆమె వైపు చూశాడు. పని అయ్యేవేళకి, ఇంకో అడుగు వేస్తే ఇల్లు తన పేరునయ్యే వేళకి, తనే అడ్డం నిలబడ్డ మనిషిని చూశాడు. తన భార్య ఎంత పెద్ద మనిషో అతనికి అప్పుడు తెలిసొచ్చింది. మాటల్లో చెప్పడం చేతకాక కలం జేబులో పెట్టుకున్నాడు.

ఆ గురువారం వ్యాన్‌ని గేనరే నడిపింది. ఆస్పినాల్ ఆఫీసు వీధిలో ఆపి, ముందు యంత్రం దగ్గరికెళ్లి రెండు గంటలకి టికెట్టు కొని అద్దం దగ్గర పెట్టింది.

"రెండు గంటలా? పది నిమిషాల పనికి?" అన్నాడు గ్లెన్.

"వెళ్లు."

అతను వెళ్లాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు గానీ గోళ్లలో పలకరాతి నలుపు అలాగే ఉంది. తలుపు దగ్గర ఒకసారి వెనక్కి చూశాడు, మొదటి రోజు బడికెళ్లే పిల్లాడిలా. గేనర్ చెయ్యి ఊపింది. తర్వాత ఫ్లాస్కులో టీ పోసుకుని కూచుంది. అతను వద్దనుకుంటే క్లేటన్ వీధి లేదు. సింకు కింద ఆ గొట్టం కీలు, పొద్దున్న ఎండ పడే ఆ వంటింటి కిటికీ, జీవితంలో మొదటిసారి తన ఒక్కదాని పేరు రాసుండే ఆ కాగితం, ఏదీ లేదు. ఇంత ఆశ పెట్టుకుందని ఆమెకే అప్పటిదాకా తెలియదు. టీ చల్లారింది. పదిహేను నిమిషాలు. ముప్పై. వాన మొదలై ఆగింది. నలభై దాటాక ఇక గడియారం చూడటం మానేసింది.

గంటా అయిదు నిమిషాలకి గ్లెన్ బయటికొచ్చాడు. వచ్చి, పక్క సీట్లో కూలబడ్డాడు. ఇంటి కప్పు ఎక్కి దిగినా అంత అలసట ఉండదేమో.

"ఏమడిగాడు?"

"నా మాటల్లో చెప్పమన్నాడు. మూడుసార్లు తప్పు చెప్పాను. విడిపోతే ఏంటన్నాడు. నువ్వు ముందు పోతే ఏంటన్నాడు. నువ్వా ఇల్లు పిల్లుల ఆశ్రమానికి రాసేస్తే ఏంటన్నాడు."

"ఏమన్నావు?"

"నీకు పిల్లులంటే పడదన్నాను. అది జవాబు కాదన్నాడు."

గేనర్ నవ్వబోయి ఆగింది. స్టీరింగు మీద చేతులు అలాగే ఉన్నాయి. "మరి పెట్టావా?"

"పెట్టకపోయినా నన్నెవరూ ఏమీ చేయలేరని చెప్పాడు," అన్నాడు గ్లెన్. "కలం పక్కన పెట్టి కిటికీలోంచి చూశాను. నువ్వు టీ పట్టుకుని కూచున్నావు, తాగట్లేదు. పోయిన గురువారం నేను కింద జరిమానావాడితో పోట్లాడుతున్నాను. పైన నువ్వు ఒక్కదానివే ఇదంతా వింటూ కూచున్నావు. అది అప్పుడు అర్థమైంది గేన్." గొంతు సవరించుకున్నాడు. "ఆయన్ని మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నాను. మొత్తం విన్నాను. అప్పుడు పెట్టాను."

గేనర్ ముందుకి చూస్తూ తలూపింది. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి తీస్తే ఎక్కడ చూస్తాడోనని తీయలేదు.

"అయితే ఇప్పుడు," అన్నాడు గ్లెన్, బెల్టు పెట్టుకుంటూ, "రెండో హార్‌గ్రీవ్స్ నేనన్నమాట."

అద్దం దగ్గర టికెట్టు మీద ఇంకా ముప్పావు గంటకి పైనే ఉంది. గేనర్ వ్యాన్ తీయలేదు. చల్లారిన టీ కిటికీలోంచి పారబోసి, ఫ్లాస్కులో మిగిలిన వేడి టీ ముందు అతని కప్పులో పోసింది.